పసుపు పట్టిన బిళ్ళ

"అరవై ఏళ్ళుగా ఈ కిటికీలోంచే పారబోసినాను. ఇప్పుడు దీనికి తాడు కడతావా?" అంది సూర్యావతి, చేపలు కడిగిన నీళ్ళ గిన్నె రెండు చేతులా పట్టుకుని.

ఈ తగువు అప్పటికి మూడోరోజుకొచ్చింది. మొదటిరోజు మాటలతో పోయింది. రెండోరోజు ముసలావిడ ఆనపకాయ తొక్కలు సరిగ్గా కింద కొలతలు తీసుకుంటున్న విద్యార్థిని గొడుగు మీద పడేసింది. దాంతో మూడోరోజు పొద్దున్నే కోడలు పద్మిని జాకెట్టు గుడ్డ పీలిక ఒకటి తీసుకుని వంటింటి వెనక కిటికీ రెక్కలు రెండూ కలిపి బిగించి కట్టేసింది.

"కింద మొక్కలు పెట్టేరు అత్తా. బెంచీలేసేరు. ఈ ఆదివారం నలుగురూ వచ్చి కూచుంటారు అక్కడ."

"మొక్కలకి సేపల నీళ్ళు మంచివే."

"కూచున్నోళ్ళకి?"

పద్మిని కూతురు మల్లిక ఫోన్లోంచి తల ఎత్తకుండానే నవ్వింది. ఇరవై ఏళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది సగం బర్మా మాటే. "మామ్మా, యాదె. నాకియ్యి, నాను మోరీలో పోస్తాను," అని గిన్నె అందుకుంది. యాదె అంటే పరవాలేదని. ఆ పిల్లకు లోకంలో చాలా వాటికి అదే జవాబు.

సూర్యావతి గిన్నె ఇచ్చేసింది గానీ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. ముడి మీద వేలు పెట్టి, "ఆ సందు అలా పూడిపోయి ఉంటేనే బాగుండీది," అని తనలో తను అనుకున్నట్టుగా అంది.

పద్మిని ఆ మాట విన్నది. ముసలితనం మొండితనం అనుకుని ఊరుకుంది.

పజుండౌంగ్‌ అనే రంగూన్ పేటలో ఆ వీధి ఇళ్ళకు ముందువైపు ఎంత పాతబడినా పెళ్ళికో పేరంటానికో కాస్త సున్నం పడేది. వెనకవైపు ఎవరూ చూసేవారు కాదు. రెండు వరసల మేడల వీపుల మధ్య ఆరడుగుల సందు. పైనున్న నాలుగు అంతస్తుల వాళ్ళూ నలభై యాభై ఏళ్ళుగా అందులోకి విసిరేసిన చెత్త మొదటి అంతస్తు కిటికీల దాకా పేరుకుంది. ముందు వీధి కూడా ఏమంత బాగా లేదు. వాగు ఒడ్డున బియ్యం మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి. ఇనప పనుల వర్క్‌షాపులు పోయాయి. వయసులో ఉన్న కుర్రాళ్ళు సరిహద్దు దాటి వెళ్ళిపోయారు. బాల్కనీల నుంచి గంట కట్టిన తాళ్ళు కిందికి వేలాడుతూనే ఉన్నాయి. కూరలవాడు లాగితే పైన గంట మోగుతుంది, పైనున్నవాళ్ళు సంచీ దింపుతారు. కానీ ఇప్పుడు సగం తాళ్ళు లాగినా పైనుంచి పలికేవాళ్ళు లేరు.

పోయినేడు వానలు తగ్గాక విశ్వవిద్యాలయం నుంచి ఖిన్ సాండా అనే ఆవిడ పన్నెండుమంది విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చింది. పంతులమ్మను ఇక్కడ సయామ అంటారు కాబట్టి వీధి వీధంతా ఆవిడను సయామ అనే పిలిచింది. సందు శుభ్రం చేద్దాం, దీపాలు పెడదాం, పిల్లలు ఆడుకునేటట్టు చేద్దాం అంది. గోడ మీద ప్రతి ఇంటి నుంచీ ఒక పాత వస్తువూ, ఆ ఇంటి కథా పెడితే ఈ చోటు మాది అని అందరికీ అనిపిస్తుంది అంది. మేము చెప్పినట్టు మీరు చెయ్యడం కాదు, మీరు చెప్పింది మేము చేస్తాం అంది. అందుకని ఒక పద్ధతి పెట్టింది. ఐదు మేడలకు ఐదుగురు ప్రతినిధులు. గోడ మీద ఏది ఎక్కడ ఉండాలో గీసిన కాగితం మీద ఐదుగురి సంతకాలూ పడితే గానీ ఒక్క మేకు కూడా కొట్టరు.

ఎక్కడ పేరు పడితే సైన్యం వాళ్ళు వస్తారోనని, కాగితం అంటే మగవాళ్ళందరూ భయపడే రోజులు. అలా ఈ మేడకు పద్మిని ప్రతినిధి అయింది. ట్వంటే దగ్గర వరిపొలాల ఊరు నుంచి పడవలో వచ్చిన పెళ్ళికూతురుగా ఈ మెట్లెక్కిన మనిషి, ఇరవై ఐదేళ్ళు జాకెట్లు కుట్టుకుంటూ గడిపిన మనిషి, నలభై ఏడో ఏట మొదటిసారి నలుగురి మధ్య నిలబడి మాట్లాడింది. విద్యార్థులు పెద్దామెకు పెట్టే మర్యాద పెట్టి "డా పద్మిని" అని పిలుస్తుంటే మొదట్లో వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరినో అనుకుని.

వస్తువు అడిగినప్పుడు ఆమె భర్త బాబూరావు ఒక్క క్షణం ఆలోచించలేదు. "మా తాత బిళ్ళ ఉంది," అన్నాడు. "హార్బరులో కూలీల మేస్త్రీ ఆయన. గోపాలం మేస్త్రీ అంటే ఆ రోజుల్లో తెలీనోడు లేడు." బాబూరావు ఇనప సామాన్ల కొట్లో స్టోర్ కీపరు. రామమందిరం కమిటీకి సహాయ కార్యదర్శి. హార్బరు కుటుంబం అనే మాట ఆయన నోట రోజుకొకసారైనా వచ్చేది. విద్యార్థులు బోర్డు అచ్చు వేయించేశారు: హార్బరు కార్మికుడు గోపాలం కుటుంబం. బిళ్ళ మాత్రం ఇంకా పూజ అలమరలోనే ఉంది. ఆఖరి రోజు దాకా ఇవ్వనని సూర్యావతి పట్టుబట్టింది.

అలాంటి ఇత్తడి బిళ్ళే ఇంకొకటి అప్పటికే సయామ చేతికి చేరింది. అది దండాసిది. దండాసి తాత, తండ్రి, ఆయనా ముగ్గురూ మున్సిపాలిటీలో పాకీపని చేసినవాళ్ళే. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. వీధి చివర పాకీవాళ్ళ లైన్ ఇళ్ళలో ఉంటాడు. ఉద్యోగం అయిపోయి రెండేళ్ళయినా సందు చెత్త ఎత్తేటప్పుడు అందరికంటే ముందు పార పట్టుకుని దిగింది ఆయనే. మధ్యాహ్నం పద్మిని టీ పంపేది. ఆయనకు నీలం గీత ఉన్న గాజు గ్లాసు ఒకటి వేరే ఉంది, వెనక మెట్ల గూట్లో. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు ఆ గ్లాసు చూపించి, ఇది ఇంట్లోకి తేకు అని చెప్పింది. ఆయన తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించి వెళ్ళేవాడు.

ఇప్పుడు ఆ బిళ్ళ మీదే పేచీ వచ్చింది. గోడ మధ్యలో, బయటివాళ్ళు వచ్చి నిలబడేచోట, పాకీవాడి బోర్డు ఏమిటని మందిరం కమిటీ ఉత్తరం రాసింది. తెలుగువాళ్ళంటే ఇదే అనుకుంటారు, దాన్ని సందు చివరికి, మురుగు కాలవ దగ్గరికి మార్చండి అని. ఆ ఉత్తరం కింద ఉన్న సంతకాల్లో ఒకటి బాబూరావుది. సమాజం ఎలా అంటే అలాగే అంటూ సయామ కొత్త కాగితం గీయించింది. నాలుగు సంతకాలు పడ్డాయి. ఐదో చోటు ఖాళీగా పద్మిని దగ్గరకొచ్చింది. శనివారం మధ్యాహ్నంలోపు ఇవ్వాలి.

పద్మినికి మనసు ఒప్పలేదు. దండాసి మీద జాలి వేసింది. అప్పటికది జాలి మాత్రమే.

గురువారం మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చాక, బిళ్ళ ఎలాగూ ఇచ్చేదే కదా, కాస్త తోమి ఇద్దామని పద్మిని అలమర తీసింది. ఏటా దసరాకు ఆయుధపూజ నాడు కత్తిపీట, కుట్టుమిషను కత్తెర, మావగారి హార్బరు కొక్కెం, ఈ బిళ్ళ వరసగా పెట్టి సూర్యావతి తన చేత్తోనే పసుపు రాసి బొట్టు పెట్టేది. మిగతావాటికి వేలితో ఒక గీత. బిళ్ళకు మాత్రం అరచెయ్యంతా. ఒకదాని మీద ఒకటి అరవై పూజల పసుపు గారలా గట్టిపడి ఉంది. పెద్దాయన మీద గౌరవం అనుకునేది పద్మిని.

చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, పాత బ్రష్షుతో మోరీ దగ్గర కూర్చుని రుద్దింది. ముందు అంకె బయటపడింది. 320. తర్వాత అంచు చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. రంగూన్ మున్సిపాలిటీ. హార్బరు వాళ్ళ బిళ్ళ మీద మున్సిపాలిటీ ఏమిటా అనుకుంటూనే రుద్దింది. అంకె కింద ఒంపు తిరిగి ఒకటే పొడుగాటి మాట. కూడబలుక్కుంది. కన్సర్వెన్సీ.

ఏడాది కిందట అయితే ఆ మాట ఆమెకు ఏమీ చెప్పేది కాదు. కానీ ఏడాదిగా విద్యార్థుల నోట అదే మాట. పాత పటంలో ఈ సందు పేరే అది. సయామ పటం పరిచి అందరికీ చెప్పింది: ఇళ్ళ వెనక మరుగుదొడ్ల కింద బకెట్లు ఉండేవి, ప్రతి బకెట్‌కూ సందులోకి ఒక చిన్న ఇనప తలుపు ఉండేది, తెల్లవారకముందే మనుషులు వచ్చి ఎత్తి మోసుకెళ్ళేవాళ్ళు, వాళ్ళు నడవడానికే ఈ సందు వదిలారు. చెత్త తీశాక ఇటికలతో మూసేసిన తలుపు ఒకటి దొరికింది కూడా. అది విని మేడల్లోని ఆడవాళ్ళకు తెలుగులో చెప్పింది పద్మినే. చెప్తూ దండాసి వంక చూసింది.

దండాసి బిళ్ళను పద్మిని తన చేతుల్తోనే సయామకు అందించింది. దాని మీద అంకె కూడా గుర్తుంది. 319.

"తోమీసినావా?"

సూర్యావతి వెనకే గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ముసలావిడ నెమ్మదిగా వచ్చి పీట లాక్కుని కూర్చుంది. బిళ్ళ వంక చూడలేదు, కోడలి ముఖం చూసింది.

"ఏటుంది దాని మీద? సదివినావా?"

"సదివినాను."

"నాకు సదువు రాదు కదే. ఏ అచ్చరం మాట సెప్పీస్తాదో తెలీక అన్నిటి మీదా పూసినాను."

మోరీలో పసుపు నీళ్ళు పారుతున్నాయి. కింద సందులో ఎవరో మేకులు కొడుతున్నారు.

"తాతగారు మేస్త్రీ కాదా అత్తా?"

"బకెట్లు ఎత్తినాడు." అరవై ఏళ్ళ మాటను ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. ఆ తర్వాత మిగతాది దానంతట అదే వచ్చింది. "నాను కాపరానికొచ్చింది ఇక్కడికి కాదు. ఆ సివర లైన్లకి. ఎనిమిది నెలలున్నాను. తెల్లారగట్ల ఎల్లీవోడు మా మావ. తిరిగొచ్చి గుమ్మం బయటే మూడుసార్లు నీళ్ళోసుకునీవోడు. అయినా అన్నం కాడ కూకుని, ముద్ద కలిపేముందు సెయ్యి వాసన సూసుకునీవోడు. నాను ఎదురుగుండా నిలబడి సూసినాను. ఒక్కపూటా మర్సిపోలేదాయన."

"మరి హార్బరు?"

"అది మీ మావ. సర్కారోళ్ళు మనోళ్ళని పొమ్మన్న యేడు ఓడలొచ్చినాయి కదా, అందరూ ఇండియా ఎల్లిపోయినారు. ఈదికీది కాళీ. మీ మావకి హార్బర్లో పని దొరికింది. ఈ వాటా కాళీగుంటే వచ్చి సేరినాం. కొత్తగా వచ్చినోళ్ళకి హార్బరోళ్ళమని సెప్పినాం. అబద్దమేటుంది? మా మావ ఏటని అడిగీవోడు ఈదిలో ఎవడూ మిగల్లేదు. దండాసి అయ్య ఒక్కడే."

"ఆయన చెప్పలేదా ఎవరికీ?"

"లేదు. ఒకే ఓడలో వచ్చినోళ్ళంట దండాసి తాతా, మా మావా. ఒక్కరోజే బిళ్ళలు తీసుకున్నారంట. ఈదిలో ఎదురైతే తల దించుకుని ఎల్లిపోయీవోడు దండాసి అయ్య, మమ్మల్ని ఎరగనట్టు. మా మంచికే." సూర్యావతి వెనక మెట్ల వైపు చూసింది. "అందుకే గ్లాసు వేరే పెట్టినాను. అంతక ముందు పెట్టలేదు. కలిపి తాగితే ఒక్కటేననుకుంటారని."

పద్మిని వేళ్ళు చింతపండు పులుపుకు మంట పుడుతున్నాయి. ఇరవై ఐదేళ్ళుగా ఆ గ్లాసులో టీ పోసింది తను. ఎందుకని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

ముసలావిడ బిళ్ళ అందుకుని చీర చెంగుతో తుడిచింది. లేచి, పసుపు డబ్బా తెచ్చుకుని, నాలుగు చుక్కల నీళ్ళు వేసి కలిపి, మళ్ళీ పూయడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, అంచు చుట్టూ, వదలకుండా.

"నాను బతికున్నన్నాళ్ళూ వద్దే," అంది.

సాయంత్రం కరెంటు వచ్చి పంకా తిరగడం మొదలెట్టాక బాబూరావు ఇంటికొచ్చాడు. చెప్పకుండా ఉండటం పద్మిని వల్ల కాలేదు. ఆయన పూజ అలమర దగ్గరకు వెళ్ళాడు గానీ బిళ్ళ ముట్టుకోలేదు.

"నీకు ఇంగ్లీసేటొచ్చు?"

"ఈ ఒక్కమాటే వచ్చు. ఏడాదై ఇదే కదా వింటన్నాను."

"మేస్త్రీ అని సెప్పీవోడు నాన్న." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా గుండీలు విప్పబోయి మధ్యలో ఆపేశాడు. తల్లి వంక చూశాడు. సూర్యావతి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తల ఎత్తలేదు. ఏరడానికి రాళ్ళేమీ లేవు ఆ బియ్యంలో.

"యాదె డాడీ," అంది మల్లిక. "ఎవరిక్కావాలి ఇప్పుడు? మా ఫ్రెండ్స్ ఎవరూ పట్టించుకోరు."

"నీకు యాదె. మందిరంలో నలుగురి మధ్య కూకునీది నాను." గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. కొంతసేపటికి ఒక దారి దొరికినట్టుగా అన్నాడు: "పసుపు తియ్యడం ఎందుకు? పూజలో బిళ్ళ, పూజలో ఉన్నట్టే ఇచ్చేమని సెప్పు. సయామ కూడా సంతోషిస్తాది. అద్దాల పెట్టిలో అలాగే ఉంటాది."

"హార్బరు బోర్డు కింద."

"బోర్డు ఎలాగూ అచ్చయిపోయింది కదా."

"మరి దండాసన్నది మురుగు కాడ."

బాబూరావు విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ ఉత్తరం మీద తన సంతకం ఆయనకు గుర్తొచ్చిందని పద్మినికి తెలిసింది. ముఖం అలా అయిపోయింది.

"ఎనక్కి తీసుకోమంటావా? తీసుకుంటాను. ఎందుకు తీసుకున్నావని అడుగుతారు. అప్పుడు ఏటి సెప్పాలో నువ్వే సెప్పు."

పద్మిని లేచి కంచాలు పెట్టింది. తిన్నాక బాబూరావు చెయ్యి కడుక్కుని, మర్నాడు మందిరానికి పోనని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

శుక్రవారం పదకొండు గంటలకు పద్మిని లైన్ల వైపు నడిచింది. దండాసి గుమ్మం ముందు ముక్కాలి పీట మీద కూర్చుని చీపురు పుల్లలు వరస చేసి కడుతున్నాడు.

"రా అమ్మా. నానే వద్దామనుకున్నాను. నా బిళ్ళ తెచ్చీమని సెప్పడానికి."

"అన్నా, అదీ..."

"కోపమేటి లేదు. గోడ మీద పెడతాం ఇమ్మంటే ఇచ్చినాను. మురుగు కాడ పెడతామంటే ఇవ్వను. మా తాత బతికినన్నాళ్ళూ ఆ కాడే ఉన్నాడు. సచ్చినాక కూడా అక్కడే నిలబెడితే ఎలాగమ్మా?" పుల్లలు బిగించి తాడు పళ్ళతో లాగాడు. "సయామది తప్పు లేదు. ఆవిడ ఈది మాట వింటానంది. ఈది అలా సెప్పింది."

పద్మిని అరుగు మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చింది. తీరా కూర్చున్నాక అదంతా పోయింది.

"మా బిళ్ళ తోమినాను అన్నా."

దండాసి చేతులు ఆగాయి.

"మూడొందల ఇరవై," అంది ఆమె.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పన్లో సేరినప్పుడు మా అయ్య సెప్పినాడు. సూర్యావతమ్మ ఇంటి కాడ ఏ గ్లాసులో ఇస్తే ఆ గ్లాసులో తాగు, ఏటీ అడక్కు అన్నాడు. తాగినాను."

"కోపం రాలేదా?"

"రాకేటి. గ్లాసు కడిగినప్పుడల్లా వచ్చింది." ఆయన మళ్ళీ చీపురు అందుకున్నాడు. "బోర్లించీసి మెట్లు దిగినాక తగ్గీది. మీ అత్త ఎందుకు పెట్టిందో ఎరుగుదును కదా. ఎరిగినోడికి కోపం ఎక్కువసేపు నిలవదు గానీ, రాకుండా పోదు."

ఆయన భార్య లోపల్నుంచి రెండు టీలు తెచ్చింది. రెండూ ఒకే రకం గ్లాసులు. ఏది ఎవరిదో చూడకుండా పద్మిని ఒకటి తీసుకుంది. టీ వేడిగా ఉంది. దించడానికి ఎక్కడా చోటు వెతకబుద్ధి కాక, వేళ్ళు కాలుతున్నా చేతిలోనే పట్టుకుని తాగింది.

"నాను సెప్పనమ్మా," అన్నాడు దండాసి, ఆమె లేచేటప్పుడు. "సెప్పీవోణ్ణయితే కుర్రతనంలోనే సెప్పుదును. నా బిళ్ళ తెచ్చీ సాలు."

తిరిగి వచ్చే దారిలో సందులోకి వెళ్ళింది. గోడలకు తెల్ల రంగు. కుండీల్లో మల్లె, తులసి. ఇటికలు తీసేసిన ఇనప తలుపు దగ్గర సయామ ఖిన్ సాండా నిలబడి దీపం తీగ చూస్తోంది. బాగా అలసిపోయి ఉంది. పద్మినిని చూసి నవ్వి, బర్మాలో అంది: "ఈ గోడ ఇటికలన్నీ లెక్కపెట్టాం డా పద్మిని. మనుషులు చెప్పింది మాత్రం చెప్పినట్టే రాసుకున్నాం. అందులో ఏదైనా తప్పుంటే మాకు తెలిసే దారి లేదు. మీరే చెప్పాలి."

"బోర్డు ఇప్పుడు మార్చవచ్చా?"

"రేపు మధ్యాహ్నం దాకా. మీరు సంతకం పెట్టిందే గోడ మీద ఉంటుంది. దిద్ది ఇస్తే మిగతా నలుగురికీ నేను చూపిస్తాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను."

పద్మిని తల ఎత్తి చూసింది. తమ వంటింటి కిటికీ జాకెట్టు పీలికతో బిగించి కట్టి ఉంది. దానికి సరిగ్గా కింద, రెండు అంతస్తుల కింద, ఆ ఇనప తలుపు.

సంజె దీపం పెట్టేవేళ సూర్యావతి పూజ అలమర ముందు కూర్చుని ఉంది. దీపం వెలుగులో బిళ్ళ పచ్చగా, నున్నగా, అక్షరం లేని పలకలా ఉంది. పద్మిని పక్కనే కూర్చుని వత్తి ఎగదోసింది.

"అత్తా, దండాసన్న ఇంటికి ఎల్లొచ్చేను. ఆయన ఎవరికీ సెప్పనన్నాడు. బిళ్ళ మాత్రం ఎనక్కి ఇచ్చీమంటన్నాడు."

ముసలావిడ పెదవులు కదిలాయి గానీ జపం చేస్తోందో ఏమో తెలియలేదు.

"రేపు నేను ఆ కాయితం మీద..."

"నన్నడక్కు," అంది సూర్యావతి. దీపం మీంచి చూపు తిప్పలేదు. "అడిగితే వద్దంటాను."

ఆ మాట ఒకవైపు నుంచి చూస్తే వద్దన్నట్టుంది, ఇంకోవైపు నుంచి చూస్తే అడక్కుండా చేసెయ్యమన్నట్టుంది. అత్తగారి చేతులు ఒళ్ళో ఉన్నాయి, గోళ్ళ చివర్లకు ఇంకా పసుపు. ఆ పైన ఆమె అడగలేదు.

శనివారం పొద్దున్న ఐదు నుంచి తొమ్మిది దాకా కరెంటు. అన్నం ఆ లోపే వండాలి, అందుకని తినడం కూడా పెందరాళే. పద్మిని కుక్కరు పెట్టి, చెప్పులు వేసుకుని కిందికి వెళ్ళింది. వెళ్ళినచోట ఎక్కువసేపు పట్టలేదు. మొదట లైన్లకు, తర్వాత సయామ విద్యార్థులు సామాను పెట్టుకున్న కింది గదికి. తిరిగొచ్చేసరికి ఆఖరి మెట్టు మీద ఆయాసం వచ్చింది. గూట్లో నీలం గీత గ్లాసు బోర్లించి ఉంది. దాన్ని తీసుకుని లోపలికి వచ్చి, మిగతా గ్లాసులతో పాటు తోమి, అన్నిటి మధ్యా పెట్టింది.

అందరూ కూర్చున్నారు. బాబూరావు శనివారం సెలవు కాబట్టి లుంగీలోనే ఉన్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. మల్లిక ఫోను పక్కన పెట్టింది, అడక్కుండానే. సూర్యావతి కంచం ముందు గోడకానుకుని కూర్చుంది. పద్మిని అందరికీ అన్నం, రొయ్యల పులుసు వడ్డించి తను కూడా కూర్చుంది.

"కాయితం ఇచ్చేసి వచ్చేను," అంది.

బాబూరావు చెయ్యి పులుసు గిన్నె మీద ఆగింది.

"దిద్ది ఇచ్చేను. మన రెండు బిళ్ళలూ ఒకే బోర్డు మీద ఉంటాయి. మధ్యలో, ఇనప తలుపు పక్కన. మూడొందల పందొమ్మిది, మూడొందల ఇరవై. దండాసన్న తాత పేరు, మన తాత పేరు. ఏ పని చేసేరో అదే రాస్తారు. పక్కన పెడితే ఉంచమన్నాడు దండాసన్న. నేను సంతకం పెట్టేసేను."

"మిగతా నలుగురూ?" అన్నాడు బాబూరావు.

"ఏమంటారో తెలీదు. ఒప్పుకోకపోతే రెండు బిళ్ళలూ ఎనక్కి వస్తాయి. ఒకటే ఉండదు."

"కమిటీలో..."

"అక్కడ మీరేటి సెప్పుకుంటారో మీ ఇష్టం. దీని మీద సంతకం నాది. అడిగితే నా పేరే సెప్పండి."

మల్లిక ఈసారి యాదె అనలేదు. నాయనమ్మ వంక చూసింది.

సూర్యావతి ముద్ద కలుపుతూనే ఉంది. చాలాసేపు కలిపింది. చెయ్యి ముఖం దాకా వచ్చి, ముక్కు దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత ముద్ద నోట్లోకి వెళ్ళింది. తడిసిన కళ్ళు తుడుచుకోలేదు.

పద్మిని ఆవిడ కంచంలో ఇంకొంచెం పులుసు వేసి, మామూలుగా, రోజూ మాట్లాడే గొంతుతోనే అంది:

"చింతపండు నానబెట్టేను అత్తా. తిన్నాక బిళ్ళ తోముతాను. మధ్యాహ్నం నేనే పట్టుకెళ్ళి ఇచ్చి వస్తాను."